పాత బడి గోడలు కూలకముందే

గౌరవనీయులైన కృష్ణా జిల్లా కలెక్టరు గారికి,

ఉయ్యూరు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నమస్కరించి చేసుకుంటున్న విన్నపం.

మీ కార్యాలయం ఉన్న మచిలీపట్నంలోనే, రాజుపేటలో, ఆంధ్ర జాతీయ కళాశాల ఆవరణ ఉంది. దాన్ని ఇప్పటికీ ‘నేషనల్ కాలేజీ’ అని పిలిచే పెద్దవాళ్ళు మా వైపు ఉన్నారు. 2008లో కృష్ణా విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు సొంత చోటు లేక మొదట నడిచింది ఆ ఆవరణలోనే. రుద్రవరం ప్రాంగణం ఆ తర్వాతి మాట. 1910లో పుట్టిన సంస్థ తొంభై ఎనిమిదేళ్ళ తర్వాత కూడా మరో విద్యాసంస్థకు పురుడు పోసిందన్నమాట. అలాంటి చోటు ఎందుకు కట్టారో, ఎవరు కట్టారో, అందులో ఎవరు చదివారో జిల్లాలో పదో తరగతి పిల్లల్ని అడిగి చూడండి. ఎంతమంది చెప్పగలరు?

ఆ ఆవరణను సాక్ష్యంగా పెట్టుకుని, స్వాతంత్ర్యానికి ముందు మన జిల్లాలో కట్టిన ప్రతి బడి భవనం తరఫునా మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. పాత బడిని పడగొట్టే ముందు గానీ, మరమ్మతు చేసే ముందు గానీ దాని చరిత్ర రాయించండి. ఇది ఒక ఊరి గొడవ అయితే సోమవారం గ్రీవెన్సులో అర్జీ పెట్టుకునేవాణ్ణి. కృష్ణా డెల్టా అంతటికీ సంబంధించిన మాట కాబట్టి పదిమందీ చదివేలా రాస్తున్నాను.

ఒక బడి గది శిథిలమైందని తేల్చినప్పుడు తయారయ్యే ఫైలు మీకు తెలిసిందే. ఇంజనీరు గారి నివేదిక ఉంటుంది. పడగొట్టడానికి అనుమతి ఉంటుంది. దూలాలు, తలుపులు, కిటికీలు, ఇటుక వేలం వేస్తే ఎంత వస్తుందో అంచనా ఉంటుంది. దూలం పొడవు, వెడల్పు అంగుళాలతో సహా రాస్తారు. ఆ గదికి చందా ఇచ్చిందెవరు, ఏ ఏట కట్టారు, మొదటి పంతులు ఎవరు అన్న మాట మాత్రం ఫైల్లో ఎక్కడా కనపడదు. అడిగే కాలమ్ లేదు కాబట్టి రాసేవాళ్ళు లేరు. నా మొర అంతా ఆ ఒక్క కాలమ్ కోసమే.

మచిలీపట్నం, అంటే మన బందరు, చదువుల ఊరు ఎలా అయిందో కాస్త చెప్పనివ్వండి. రేవు ఉంది కాబట్టి డచ్చివాళ్ళు వచ్చారు, ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. వాళ్ళ వెంట కచేరీలు వచ్చాయి. కచేరీ ఉన్నచోట ఇంగ్లీషు నేర్చినవాడికి కొలువు దొరికేది. 1841లో రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ అనే మిషనరీ, హెన్రీ ఫాక్స్ అనే సహచరుడితో కలిసి ఇక్కడికి చేరాడు. నోబుల్ 1843 నవంబరులో బడి తెరిచాడు. మొదట్లో పట్టుమని పదిమంది పిల్లలు లేరు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పుచ్చుకునేసరికి ఊరు భగ్గుమంది, తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు, బడి బోసిపోయింది. అయినా ఆయన ఊరు వదల్లేదు. కొన్నాళ్ళకు పిల్లలు మళ్ళీ వచ్చారు, ఎందుకంటే వాళ్ళకు ఆ చదువు కావాలి.

1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు మీద పడింది. ముప్ఫై వేల మంది పోయారని లెక్క. ఆ ఉప్పెనతో రేవు పని చాలావరకు అయిపోయింది. మరుసటి ఏడాది అక్టోబరులో నోబుల్ బందరులోనే కన్నుమూశాడు. వర్తకం పోయిన ఊళ్ళో చదువు మాత్రం నిలిచింది. ఆ మాటకొస్తే ఉప్పెన తర్వాత బందరుకు మిగిలిన ఆస్తి చదువేనని నా అభిప్రాయం.

ఇదే చరిత్రలో దాచకూడని ముక్క ఒకటుంది. సాటి మిషనరీలు అడిగినా నోబుల్ తన బడిలోకి అంటరానివారని ముద్ర వేసిన కులాల పిల్లల్ని రానివ్వలేదు. పై కులాలవారు వాళ్ళ పక్కన కూర్చోరని, బడే నడవదని ఆయన వాదన. బడిని కట్టినవాడి పట్టుదలను ఎంత మెచ్చుకుంటామో, గుమ్మం బయట ఎవరు నిలబడిపోయారో కూడా అంత స్పష్టంగా చెప్పాలి. నేను కోరే చరిత్ర దాతల పొగడ్తల పుస్తకం కాదు. ఫలానా బడిలో మొదటి దళిత విద్యార్థి ఏ సంవత్సరం చేరాడు, మొదటి ఆడపిల్ల ఎప్పుడు చేరింది, ఆ రోజు ఎవరైనా అడ్డుపడ్డారా అన్నవి ఆ భవనం చరిత్రలో మొదటి పేజీకి ఎక్కాల్సిన సంగతులు.

నోబుల్ బడి కళాశాల అయ్యాక అక్కడ రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు కొంతకాలం చదువు చెప్పారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు ఆయన శిష్యులు. 1907లో బిపిన్ చంద్రపాల్ వందేమాతరం ఉద్యమం కోసం ఆంధ్రదేశం పర్యటిస్తూ బందరు వచ్చారు. దేశానికి సొంత చదువు కావాలన్న మాట ఊరంతా పాకింది. కోపల్లె హనుమంతరావు గారు ప్లీడరీ మానుకున్నారు. ఆయన, పట్టాభి, ముట్నూరి ముగ్గురూ కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టారు. మిషనరీ బడిలో ఇంగ్లీషు చదివి, ఆ చదువులో లేనిదేమిటో తెలుసుకుని, దాన్ని పూరించడానికి అదే ఊళ్ళో ఇంకో బడి కట్టారు. ఈ రెండు బడుల మధ్య దూరం నడిచి వెళ్ళేంతే. ఆంధ్రదేశపు ఆధునిక చరిత్రలో సగం ఆ దారి మీద నడిచింది.

జాతీయ కళాశాలలో పుస్తకాల చదువుతో పాటు మగ్గం పని, వడ్రంగం, యంత్రాల పని, చిత్రలేఖనం నేర్పేవారు. చేతిపని చేసేవాడికీ చదువుకున్నవాడికీ మధ్య గోడ ఉండకూడదన్నది కోపల్లె వారి పట్టుదల. ఇప్పుడు మనం నైపుణ్యాభివృద్ధి అని పథకాలకు పేర్లు పెట్టి చెబుతున్నది నూటపదేళ్ళ కిందట బందరులో చేసి చూపించారు. పైగా సర్కారు గుర్తింపు లేని చదువు అది. అక్కడ చదివితే సర్కారు కొలువు రాదని తెలిసి కూడా పిల్లల్ని పంపిన తల్లిదండ్రులున్నారు. వాళ్ళ పేర్లు ఎక్కడా చెక్కి లేవు. హనుమంతరావు గారు 1922లో పోయారు. నడివయసు దాటని మనిషి. ఆరోగ్యం, ఆస్తి, ప్రాక్టీసు అన్నీ ఆ ఆవరణకే ధారపోశారు. పట్టాభి గారి పేరు దేశమంతా తెలుసు, ముట్నూరి వారి పేరు కృష్ణాపత్రికతో నిలిచింది. కోపల్లె వారి పేరు నిలవాలంటే ఆ కళాశాల తప్ప వేరే చోటు లేదు.

1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల తర్వాత గాంధీజీ బందరు వచ్చి ఆ కళాశాల చూశారు, మెచ్చుకున్నారు. ఆ బెజవాడ సమావేశాల్లోనే ఆయనకు జెండా నమూనా చూపించిన పింగళి వెంకయ్య గారు ఈ కళాశాలలో అధ్యాపకులుగా పనిచేసినవారు. మా ఉయ్యూరుకు దగ్గర్లోనే, మొవ్వ మండలం భట్లపెనుమర్రులో పుట్టినవారు. జాతీయ జెండా ఎలా ఉండాలో చెబుతూ 1916లోనే పుస్తకం వేశారు. 1920లలో కలకత్తా నుంచి ప్రమోద కుమార చటోపాధ్యాయ వచ్చి చిత్రలేఖనం నేర్పారు. ఆయన దగ్గర కుంచె పట్టిన అడివి బాపిరాజు గారే తర్వాత 1930లలో ఆ కళాశాలకు ప్రధానాచార్యులయ్యారు. విశ్వనాథ సత్యనారాయణ గారు కొంతకాలం అక్కడ పాఠం చెప్పారు. మా ఉయ్యూరు పక్కనే కాటూరులో పుట్టిన కాటూరి వెంకటేశ్వరరావు గారు అక్కడ పనిచేసి, ముట్నూరి వారి తర్వాత కృష్ణాపత్రికకు సంపాదకులయ్యారు.

కాటూరి వారి దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. కాటూరు కుర్రవాడు బందరు చదువుకు వెళ్ళడమంటే ఆ రోజుల్లో పెద్ద మాట. విశ్వనాథ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి ముగ్గురూ బందరులో చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారి శిష్యులు. శాస్త్రి గారు అక్కడి హిందూ హైస్కూలులో తెలుగు పండితులు. ఒక హైస్కూల్లో ఒక తెలుగు పంతులు చుట్టూ ఇంతమంది కవులు తయారైన సందర్భం మన సాహిత్యంలో మళ్ళీ వచ్చిందా? సాహిత్య చరిత్రలో శాస్త్రి గారి గురించి అధ్యాయాలున్నాయి. ఆయన పాఠం చెప్పిన గది ఏదో చూపించమంటే మనం చూపించలేం. కాటూరులో ఆ కుర్రవాడు అక్షరాలు దిద్దిన చోటు ఏదో మా మండలంలోనే చెప్పగలిగినవాళ్ళు కరువయ్యారు.

ఇప్పుడు ఇతర రాష్ట్రాల వైపు చూడండి. 1906లో వంగదేశంలో జాతీయ విద్యా పరిషత్తు పెట్టారు. దాని కడుపున పుట్టిన విద్యాలయం పెరిగి 1955లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం అయింది. ఆ పరిషత్తు పెట్టిన కళాశాలకు తొలి ప్రిన్సిపాలు అరవిందులు. 1901లో రవీంద్రనాథ ఠాగూరు కొద్దిమంది పిల్లలతో మొదలుపెట్టిన శాంతినికేతన్ బడి 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కింది. 1920లో గాంధీజీ అహ్మదాబాదులో పెట్టిన గుజరాత్ విద్యాపీఠ్ ఇప్పటికీ నడుస్తోంది. ఇవన్నీ ఒకే కాలంలో, ఒకే ఆవేశంతో పుట్టిన బడులు. బందరు కళాశాల వీటి సరసన నిలబడదగ్గది. కలకత్తా చిత్రకారుడు వచ్చి ఇక్కడ పాఠం చెప్పాడంటే ఆనాడు ఆ సమానత్వం అందరికీ తెలుసు. శాంతినికేతన్‌కు యునెస్కో గుర్తింపు దానంతట అది రాలేదు. ప్రతి కట్టడానికీ ఎప్పుడు, ఎందుకు, ఎవరు అన్నది కాగితం మీద ఉంది కాబట్టి వచ్చింది. వాళ్ళు రాసుకున్నారు. మనం రాసుకోలేదు.

బందరు ఇప్పటికే చాలా పోగొట్టుకుంది. 1923లో పట్టాభి గారు ఇక్కడ మొదలుపెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, పేరు కూడా మిగల్లేదు. కృష్ణాపత్రిక నాటి వైభవం గతించిన మాట. కోపల్లె, పట్టాభి, ముట్నూరి ముగ్గురూ చేసిన పనుల్లో కళ్ళతో చూడగలిగింది, చేత్తో తాకగలిగింది జాతీయ కళాశాల ఆవరణ. అందుకే మొదట దాని పేరు ఎత్తాను.

చరిత్ర రాయాలంటే ఆధారాలెక్కడివని మీ సిబ్బంది అడగవచ్చు. బీరువాలోనే ఉన్నాయండి. అడ్మిషను రిజిస్టరు అనే పెద్ద అట్ట పుస్తకం ప్రతి బడిలోనూ ఉంటుంది. పాత మద్రాసు కాలపు రిజిస్టరు తెరిస్తే ఎడమ నుంచి వరుసగా గళ్ళు ఉంటాయి: అడ్మిషను నంబరు, చేరిన తేదీ, పిల్లవాడి పేరు, తండ్రి లేక సంరక్షకుడి పేరు, వృత్తి, ఊరు, పుట్టిన తేదీ, కులం, మశూచి టీకాలు వేయించారా లేదా, ఇంతకుముందు చదివిన బడి, చేరిన తరగతి, మానేసిన తేదీ, మానేసిన కారణం. నీలపు సిరా గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. చెదలు తిన్నచోట గుండ్రటి కన్నం ఇరవై పేజీల లోపలి దాకా పోతుంది, ఇరవైమంది పిల్లల పుట్టిన తేదీలు ఆ కన్నంలో పోతాయి. నేను ఉద్యోగంలో ఉండగా పింఛనుకు వయసు రుజువు కావాలని, భూమి తగాదాలో తండ్రి పేరు రుజువు కావాలని వచ్చే ముసలివాళ్ళ కోసం ఆ పుస్తకాలు దింపి చూసేవాళ్ళం. వాళ్ళ పేరు దొరికితే ఆ గడి మీద వేలు పెట్టి చాలాసేపు తీసేవాళ్ళు కాదు.

ఆ చివరి గడి, మానేసిన కారణం, జాగ్రత్తగా చదివితే తాలూకా చరిత్ర మొత్తం అందులో ఉంటుంది. జీతం కట్టలేక, పై చదువుకు, వేరే ఊరు పోయి, చనిపోయి. 1941లో మా ఉయ్యూరుకు కేసీపీ చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. ఆ తర్వాత పదేళ్ళలో తండ్రి వృత్తి గడిలో ఏమేం మారిందో చూస్తే పల్లె పట్నమైన తీరు తెలుస్తుంది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ఊడ్చుకుపోయినప్పుడు సర్కారు లెక్క ప్రకారమే దాదాపు పది వేల మంది పోయారు. ఆ ఏడాది అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు బడుల్లో ఎన్ని పేర్ల ఎదుట, ఏ మాటతో హాజరు ఆపేశారో ఎవరైనా ఒకచోట చేర్చారా? ఉప్పెన మీద పుస్తకాలు వచ్చాయి, సినిమాలు వచ్చాయి. ఆ పిల్లల హాజరు పట్టీలు మాత్రం నీళ్ళకు మిగిలినవి ఎక్కడున్నా చెదలకు వదిలేసి ఉంటాం. ఒక బడి గది కూల్చేటప్పుడు బీరువా ఎక్కడికి మారిందో, దాన్ని ఎవరు సరిచూసుకున్నారో రాసి ఉంచమని అడగడం పెద్ద కోరిక కాదనుకుంటాను.

ఇక గోడల సంగతి. నేను ఇంజనీరును కాను, కానీ పాత బడుల్లో బతుకంతా గడిపినవాణ్ణి, తాపీమేస్త్రుల దగ్గర విన్నవాణ్ణి. మన తీరంలో పాత కట్టడాలు గుల్లసున్నంతో కట్టినవి. సముద్రపు గుల్లల్ని బట్టీలో కాల్చి, నీళ్ళు చల్లి విరియబెట్టి, ఇసుకతో కలిపి ఎడ్లగానుగలో రోజుల తరబడి నూరేవాళ్ళు. పైపూతకు నూరే సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసేవాళ్ళు. ఆ సున్నం గట్టిపడటానికి ఏళ్ళు పడుతుంది, కానీ అది గాలి పీలుస్తుంది. మన డెల్టా రేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది, పునాదిని ఏడాదికి రెండుసార్లు కదిలిస్తుంది. సున్నపు గోడ ఆ కదలికకు కాస్త సర్దుకుంటుంది. నేలలోంచి ఎక్కిన చెమ్మ సున్నపు పూత గుండా బయటికి ఆరిపోతుంది.

మరమ్మతు పేరుతో ఆ గోడ మీద సిమెంటు పూస్తే ఏమవుతుందో మేం కళ్ళారా చూశాం. మొదటి ఏడాది నున్నగా, కొత్తగా ఉంటుంది. ప్రారంభోత్సవం ఫొటోకు బాగుంటుంది. చెమ్మకు బయటికి దారి లేక లోపలే ఉంటుంది, ఉప్పు ఇటుకలోకి చేరి పొంగుతుంది. మూడో వానాకాలానికి మోకాటి ఎత్తున పూత బుడగలాగా లేస్తుంది. వేలితో నొక్కితే పెచ్చు ఊడి, వెనక ఇటుక పిండిలా రాలుతుంది. అప్పుడు గోడ పాతదైపోయింది, పడగొట్టాలి అంటారు. నూరేళ్ళు నిలిచిన గోడ మూడేళ్ళలో పాడైందంటే తప్పు గోడది కాదని ఒక్కరైనా రాయాలి కదా. అలాగని కొత్త కాంక్రీటు మన ఉప్పుగాలికి తట్టుకుని నూరేళ్ళు ఉంటుందా? దివిసీమలో 1977 తర్వాత కట్టిన తుపాను షెల్టర్లు ఎన్నో ప్రాణాలు కాపాడాయి, వాటిలో చాలాచోట్ల బడులూ నడిచాయి, ఆ మేలు మరువలేం. కానీ ఉప్పుగాలికి లోపలి ఊచలు తుప్పుపట్టి, ఉబ్బి, శ్లాబు పెచ్చులు రాలడం సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళవాళ్ళకు తెలియనిది కాదు.

నేను కొత్త భవనాలకు వ్యతిరేకిని కాను. 2019లో మొదలైన మన బడి నాడు–నేడు పనుల్లో మరుగుదొడ్లు, తాగునీళ్ళు, ఫ్యాన్లు, బల్లలు వచ్చాయి. ఆడపిల్లలు బడి మానకుండా ఉండటానికి ఒక మంచి మరుగుదొడ్డి ఎంత అవసరమో ముప్ఫై పుస్తకాల కంటే ఒక్క టీచరమ్మ బాగా చెబుతుంది. పైకప్పు పిల్లల నెత్తిన పడేట్టుంటే క్షణం ఆలోచించకుండా ఖాళీ చేయించండి, పడగొట్టించండి. పిల్లవాడి ప్రాణం కంటే ఏ చారిత్రక కట్టడమూ ఎక్కువ కాదు. నేనడిగేది, ఆ పడగొట్టే పనికి ముందు ఫొటోలు తీసి, కొలతలు రాసి, శిలాఫలకం ఊడదీసి భద్రపరిచి, రిజిస్టరు చదివి, ఊళ్ళో మిగిలిన పాత విద్యార్థుల్ని కూర్చోబెట్టి మాట్లాడించమని.

శిలాఫలకాల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మన డెల్టాలో బడులు చాలావరకు ప్రజల డబ్బుతో లేచినవి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువ నీళ్ళు వచ్చాక వరి పండింది, వరితో పాటు చదువు మీద ఆశా పండింది. ఎకరాకు ఇన్ని బస్తాలని చందా వేసుకుని బడి కట్టుకున్న ఊళ్ళున్నాయి. గుడివాడలో 1950లో కాలేజీ వచ్చింది. దానికి భారీ విరాళమిచ్చి తన పేరు నిలుపుకున్న అక్కినేని నాగేశ్వరరావు గారు పేదరికం వల్ల చిన్నతరగతులు దాటి చదువుకోలేకపోయినవారు. తనకు దక్కనిది తన ప్రాంతం పిల్లలకు దక్కాలనుకున్న మనిషి. ఆయన పేరు పెద్దది కాబట్టి నిలిచింది. వంద రూపాయలిచ్చిన రైతు పేరు, చేలో మట్టి ఇచ్చి ఇటుక కోయించినవాడి పేరు, కూలి తీసుకోకుండా పునాది తవ్వినవాళ్ళ ఊసు ఒక చిన్న నల్లరాయి పలక మీద ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఆ పలకల మీద ఏటేటా సున్నం వేసేస్తారు, ఆ తర్వాత రంగులు. అక్షరాల గాళ్ళు పూడిపోయి పలక నున్నటి గోడలో కలిసిపోతుంది. చాకుమొన పెట్టి గీకితే ఇంటిపేరు ఒకటి బయటపడుతుంది. ఆ ఇంటిపేరువాళ్ళు ఊళ్ళో ఉన్నా తాతగారు బడికి చందా ఇచ్చారని వాళ్ళకే తెలియదు.

డబ్బెక్కడిదంటారేమో. ఒక్కో బడి చరిత్రకు కావలసింది ఒక పుస్తకం, ఒక టేపు, ఒక ఫోను కెమెరా, ఓపిగ్గా వినే మనిషి. జాతీయ కళాశాల వంటి పెద్ద కట్టడాల పరిరక్షణకు మాత్రం సున్నపు పని తెలిసిన మేస్త్రులు, నిపుణులు కావాలి, అందుకు పురావస్తు శాఖను అడగవలసింది మీరే. దాన్ని తాళం వేసి ఉంచే మ్యూజియంగా మార్చమని నేననను. బడి భవనం పిల్లలతో ఉంటేనే బతుకుతుంది. ఒక గదిలో కోపల్లె వారి గురించి, మగ్గం పాఠాల గురించి, ప్రమోద కుమారుడి శిష్యుల గురించి, పింగళి వెంకయ్య గారి గురించి పిల్లలు చదువుకునేలా రాసి పెట్టి, మిగిలిన గదుల్లో ఏదో ఒక చదువు నడిపించండి. వడ్రంగం అయినా సరే, కంప్యూటరు అయినా సరే. దాన్ని కట్టినవాళ్ళు రెండింటినీ సమానంగా చూసినవాళ్ళే.

జిల్లా వాళ్ళకూ ఒక మాట. కలెక్టరు గారు ఆజ్ఞ ఇచ్చేదాకా మనం ఆగనక్కర్లేదు. మీ ఊరి బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనాల్లో శాలువాలు, భోజనాలతో పాటు ఒక గంట ఈ పనికి ఇవ్వండి. ఎనభై దాటిన వాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు. ఏ గదిలో ఎవరు ఏం చెప్పేవారో, బడి గంట ఎక్కణ్ణుంచి వచ్చిందో, బయట ఎవరు కూర్చునేవారో, లోపల ఎవరు కూర్చునేవారో వాళ్ళకు గుర్తుంది. వాళ్ళను అడగడానికి మనకు వ్యవధి ఎక్కువ లేదు.

కలెక్టరు గారూ, 2022లో ఉయ్యూరు రెవెన్యూ డివిజను కేంద్రమైంది. ఈ పని ఇక్కణ్ణుంచే మొదలుపెట్టించండి. డివిజనులో 1947కు ముందు కట్టిన బడి గదులన్నిటి జాబితా ముందు తీయించండి. ఆ జాబితాలో ఉన్న ఏ గదినీ చరిత్ర పత్రం జతచేయకుండా పడగొట్టడానికి వీల్లేదని ఒక ఉత్తర్వు ఇవ్వండి. పాత సున్నపు గోడల మీద సిమెంటు పూత వేసే ముందు ఇంజనీరు గారు కారణం రాయాలని అందులోనే ఒక వాక్యం చేర్చండి. అడ్మిషను రిజిస్టర్లను స్కాను చేయించండి. చదవడానికి పాత చేతిరాత అర్థమయ్యేవాళ్ళు కావాలి. ఆ పనికి మా రిటైర్డు టీచర్లం జీతం గానీ భత్యం గానీ అడగకుండా వస్తాం. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, చూసే అనుమతి ఇప్పిస్తే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఉయ్యూరు, కృష్ణా జిల్లా.